ఊరి భారతానికి చందా ఇవ్వాలా, మానాలా?

కైలాసకోన (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను తిరుపతిలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. సొంతూరు పుత్తూరు దగ్గర ఒక చిన్న పల్లె. తిరుపతిలో కాపురం పెట్టి పద్దెనిమిదేళ్లయింది. ఊళ్లో మా ఇల్లు పైకప్పు కూలి మొండిగోడలతో నిలబడి ఉంది, రేషన్ కార్డు కూడా ఎప్పుడో ఇక్కడికి మారిపోయింది. అయినా ద్రౌపదమ్మ గుడి చందా పుస్తకంలో మా నాన్నగారి పేరు మాత్రం ఎవరూ కొట్టివేయలేదు. ఆయన పోయి ఆరేళ్లవుతున్నా, ప్రతి వేసవిలో ఆ పేరుకు ఎదురుగా ఒక అంకె పడుతూనే ఉంది, నేను చెల్లిస్తూనే ఉన్నాను.

పోయిన ఆదివారం ఊరి నుంచి నలుగురు పెద్దలు వచ్చారు. వరండాలో కూర్చుని మజ్జిగ తాగి, ఈ ఏడాది భారతానికి ఇంటికి 3,000 రూపాయలు అనుకున్నామని, నేను ఉద్యోగస్థుణ్ని కనుక ఒక రోజు ఉభయం, అంటే ఆ రోజు ఖర్చు, కూడా పెట్టుకోవాలని చెప్పారు. ఆలోచించి చెబుతానన్నాను. నాకు వరసకు చిన్నాన్న అయ్యే పెద్దాయన చెప్పుల్లో కాళ్లు దూరుస్తూ, "ఆలోచించేదానికి ఏముంది నాయనా, మీ నాయన ఏ పొద్దూ ఆలోచించలేదే" అని వెళ్లిపోయారు. అప్పటి నుంచి నాకూ మా అమ్మగారికీ మధ్య మాటలు తగ్గాయి. "నువ్వు ఇయ్యకపోతే నా పింఛను డబ్బుల్లోంచి నేనిస్తాను" అని ఆమె ఒక్కటే మాట అన్నారు.

ఇతర జిల్లాల వారి కోసం కొంచెం చెప్పాలి. మా వైపు భారతం అనేది ఊరి ఉత్సవం పేరు. ధర్మరాజుల గుడి (ద్రౌపదమ్మ గుడినే అలా కూడా అంటాం) ముందు సాధారణంగా పద్దెనిమిది రోజులు, స్తోమత లేని ఊళ్లలో ఇంకా తక్కువ రోజులు, మధ్యాహ్నం హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం జరుగుతాయి. బకాసుర వధ నాడు బండి నిండా అన్నం ఊరేగుతుంది. అర్జున తపసు నాడు పాతిపెట్టిన ఎత్తైన తపసు మాను మీదికి అర్జున వేషధారి ఒక్కొక్క మెట్టుకు ఒక్కొక్క పద్యం పాడుతూ ఎక్కుతాడు. చివరి రోజు పగలు నేల మీద మట్టితో చేసిన దుర్యోధనుడి పెద్ద బొమ్మ చుట్టూ ఇద్దరు వేషధారులు గదలతో తిరుగుతారు. భీముడు తొడ మీద కొట్టగానే అక్కడ దాచిన ఎర్రనీళ్ల కుండ పగులుతుంది, ద్రౌపది ఆ ఎరుపును జుట్టుకు పూసుకుని ముడి వేసుకుంటుంది. సాయంత్రం కంకణాలు కట్టుకున్నవాళ్లు పసుపు బట్టలతో నిప్పుల గుండం తొక్కుతారు.

నేను దేవుణ్ని నమ్మను. డిగ్రీ రోజుల్లో గోరా గారి గురించి, ఆయన స్థాపించిన నాస్తిక కేంద్రం వారు నిప్పుల మీద నడిచి చూపించడం గురించి చదివినప్పటి నుంచి ఇదే వైఖరి. బొగ్గూ దాని మీది బూడిదా వేడిని మెల్లగా అందిస్తాయనీ, పాదం ఆనేది క్షణకాలమే కాబట్టి ఆగకుండా నడిచినవాడికి సాధారణంగా కాలదనీ ప్రతి ఏటా పదో తరగతి పిల్లలకు చెబుతాను. (ఆగినవాడికి కాలుతుంది, మా మేనమామ అరికాలే దానికి సాక్ష్యం.) అయినా అమ్మను కొండకు తీసుకువెళతాను, క్యూలో నిలబడతాను, లడ్డు తింటాను. కాబట్టి నమ్మకం లేకపోవడం ఒక్కటే అయితే ఈ ప్రశ్న అడిగేవాణ్ని కాదు.

నన్ను పట్టి పీడిస్తున్నవి రెండు. మొదటిది రాజకీయం. ఇప్పుడు భారతానికి కట్టే ఫ్లెక్సీల్లో ద్రౌపదమ్మ రూపాయి బిళ్లంత ఉంటే నాయకులు నిలువెత్తున ఉంటున్నారు. కృష్ణ రాయబారం మధ్యలో పద్యం ఆపించి, ఫలానా వారు ఇంత ఇచ్చారని మైకులో చదువుతారు. నా 3,000 ఎవరి బొమ్మకు ఖర్చవుతుందో నాకు తెలియదు.

రెండోది మా అక్క. ఆమెను నగరిలో మరమగ్గాలున్న ఇంటికి ఇచ్చాము. నాలుగేళ్లు పిల్లలు కలగకపోతే వాళ్ల అత్తగారు ఆమెను మా ఊరి తపసు మాను దగ్గరికే తీసుకువచ్చి వరపడేటట్లు చేశారు. సంతానం లేని ఆడవాళ్లు తలస్నానం చేసి, తడిబట్టలతో మాను చుట్టూ నేల మీద బోర్లా పడుకుంటారు. అర్జునుడు పై నుంచి విసిరే నిమ్మకాయో పండో ఎవరి మీద పడితే వారికి పిల్లలు పుడతారని నమ్మకం. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. బడి ప్రహరీ గోడ ఎక్కి నిలబడి చూశాను. పసుపు చీర కొంగు ఆరిపోయి ఎర్రమట్టి అంటుకుని ఉంది. కాయ పక్కనామె వీపు మీద పడింది. ఇంటికి వస్తూ దారిలో ఆ అత్తగారు, "అదృష్టం జానెడు పక్కకు పోయింది" అన్నారు. రెండేళ్ల తర్వాత చెన్నైలో ఇద్దరికీ పరీక్షలు చేస్తే లోపం బావ వైపు ఉందని తేలింది. ఆ సంగతి ఊళ్లో ఎవరూ మైకులో చదవలేదు. తర్వాత వాళ్లు ఒక పాపను దత్తత తీసుకున్నారు, ఆ పిల్ల ఇప్పుడు ఇంటర్ చదువుతోంది.

ఏ మాను చుట్టూ మా అక్కను పడుకోబెట్టారో ఆ మానును నిలబెట్టడానికి నేను డబ్బు ఇవ్వవచ్చా? ఇవ్వకపోతే ఊరికి ఏమని చెప్పాలి? తిట్టాలనుకున్నా తిట్టండి, కానీ దయచేసి విషయం మీద ఉండండి.


తోతాపురి:

మాష్టారూ, నేను చిత్తూరు కోర్టులో గుమాస్తాగా ముప్పై ఏళ్లు పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ని. ముందు చట్టం సంగతి తేల్చుకుంటే మనసు కొంత తేలికపడుతుంది. ఇలాంటి సందర్భాల్లో కొందరు రాజ్యాంగం 27వ అధికరణాన్ని చూపించి మతం కోసం డబ్బు అడగకూడదంటారు. అది ఒక మతాన్ని పెంచడానికి ప్రభుత్వం వసూలు చేసే పన్నుకు సంబంధించిన మాట, ఊరివాళ్లు మజ్జిగ తాగి అడిగే చందాకు వర్తించదు. అలాగే చందా ఇవ్వనివారిని ఊరి కట్టుబాటు పేరుతో వెలివేస్తామంటే దానికి చట్టబలం లేదు. ఇవ్వడం మీ ఇష్టం, మానడం మీ ఇష్టం.

ఇంకొక తమాషా చెబుతాను. 1976లో 42వ సవరణ ద్వారా పౌరుల ప్రాథమిక విధులను చేర్చిన 51ఎ అధికరణంలో శాస్త్రీయ దృష్టిని పెంపొందించుకోవాలని ఉంది. అది చూపించి మీరు మానవచ్చు. దానికి రెండు వరుసల పైనే మన ఉమ్మడి సంస్కృతి వారసత్వాన్ని గౌరవించి కాపాడుకోవాలని కూడా ఉంది. అది చూపించి మీ చిన్నాన్న అడగవచ్చు. ఆ రెండింటినీ ఒకే జాబితాలో రాసినవారికి మన ఊళ్ల సంగతి బాగా తెలుసనిపిస్తుంది.

ఫ్లెక్సీల విషయంలో మాత్రం మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. మా ఊళ్లో రెండు పార్టీల వాళ్లు మొదటి తాంబూలం ఎవరికన్న దాని మీద కొట్టుకుని, కేసులు పెట్టుకుని, రెండేళ్లు భారతమే ఆపేశారు. మూడో ఏడు ఆడవాళ్లు గుడి ముందు కూర్చుని పట్టుబట్టడంతో ఒక కట్టుబాటు చేసుకున్నారు. మొదటి తాంబూలం వేషగాళ్ల మేళానికి, ఫ్లెక్సీల మీద అమ్మవారు తప్ప ఎవరూ ఉండకూడదు, ధర్మరాజు పట్టాభిషేకం మర్నాడు జమాఖర్చులు గుడి మెట్ల మీద చదవాలి. ఇప్పటికీ అలాగే నడుస్తోంది. మీరు కూడా షరతు పెట్టి ఇవ్వండి, రసీదు అడగండి. ఉద్యోగస్థులు మొహమాటానికి డబ్బిచ్చి వెనక గొణుక్కోవడం వల్లనే ఇవన్నీ ముదిరాయని నా అభిప్రాయం.

మీ అక్కగారి విషయంలో నాకు చెప్పగలిగిన మాట లేదు.


మృదంగం:

తోతాపురి గారి మొదటి తాంబూలం మాట చదివి సంతోషించాను, ఎందుకంటే ఆ మేళాల్లో ఒకదానిలో మా నాన్న ముప్పై నాలుగేళ్లు అర్జున వేషం కట్టారు. నేను చదువుకుని తిరుపతిలో ఒక మందుల దుకాణంలో లెక్కలు రాస్తున్నాను, సెలవులు దొరికితే మృదంగం పట్టుకుని ఇప్పటికీ వెళ్తాను. కాబట్టి నాది పక్షపాతమే అనుకుని చదవండి.

మాష్టారు తపసు మానును గోడ మీద నుంచి చూశారు. దాన్ని ఎక్కే మనిషి సంగతి కొంచెం చెప్పాలి. కంకణం కట్టుకున్న నాటి నుంచి మా నాన్న ఒంటిపూట తిని, గుడి అరుగు మీదనే పడుకునేవారు. రాత్రంతా అద్దాల బిళ్లలు అతికించిన కట్టె భుజకీర్తులు మోసి, ఎగిరి, తెల్లవారి అవన్నీ విప్పి, విభూతి పూసుకుని, జోలె కట్టుకుని మానెక్కాలి. చెక్క పేళ్లు అరచేతుల్లో గుచ్చుకునేవి. ఇంటికి వచ్చాక మా అమ్మ దీపం దగ్గర కూర్చుని సూదితో వాటిని తీస్తుంటే, ఆయన మర్నాటి పద్యాలు నెమరువేసుకునేవారు. అరవయ్యో ఏట మోకాలు పట్టేసి మాను మధ్యలో ఆగిపోయారు. కింద జనం అదేదో పూనకమనుకుని "గోవిందా" అన్నారు. ఆయన ఇంకొక పద్యం ఎత్తుకుని, దాని సాగదీత చాటున కాలు సర్దుకుని ఎక్కారు.

మేళం రాబడి కూడా రాస్తాను, ఎందుకంటే చందా ఎటు పోతుందన్నది మాష్టారి ప్రశ్న. ఫ్లెక్సీలకు, మైకుసెట్టుకు, రంగుల దీపాలకు ముందు డబ్బు కట్టాలి కాబట్టి కడతారు. మేళానికి ఇవ్వవలసింది మాత్రం చివరి రోజు గుండం చల్లారాక లెక్క చూసుకుని ఇస్తారు. "ఈ సారికి సర్దుకో సామీ" అన్న మాట వినని ఊరు మా నాన్నకు తక్కువ. రాత్రికి పన్నెండు మంది మనుషులు, వాళ్ల బస్సు ఛార్జీలు, రంగులు, హార్మోనియం మరమ్మతు అన్నీ అందులోంచే పోవాలి.

మహాభారతంలో అర్జునుడు మాను ఎక్కలేదు. అరణ్యపర్వంలో ఆయన పాశుపతాస్త్రం కోసం కొండ మీద నిలబడి తపస్సు చేస్తాడు, శివుడు కిరాతుడై వచ్చి పోరాడి అస్త్రమిస్తాడు. పిల్లల ఊసు అక్కడ ఎక్కడా లేదు. మహాబలిపురం బండ మీద పల్లవులు 7వ శతాబ్దంలో చెక్కించిన శిల్పాన్ని అర్జునుడి తపస్సని కొందరు, భగీరథుడి తపస్సని కొందరు అంటారు. అక్కడ కూడా తపసి నేల మీదనే ఒంటికాలిపై ఉంటాడు. కొండను మాను చేసిందీ, అస్త్రాన్ని నిమ్మకాయ చేసిందీ మన పల్లెలే. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడే దాకా మనం ఉత్తర ఆర్కాటులో భాగం. 1960లో తిరుత్తణి తాలూకా మద్రాసు రాష్ట్రానికి పోయినా మా నాన్న మేళం పళ్లిపట్టు వైపు పల్లెలకు వెళ్తూనే ఉండేది. అక్కడ పద్యం తెలుగులో పాడి అర్థం అరవంలో చెప్పేవారు, అరవం వాళ్ల తెరుకూత్తు (వాళ్ల వీధినాటకం) మేళం మా ఊళ్లకు వచ్చేది. సరిహద్దు రాయి వేసినవారికి ద్రౌపదమ్మ కనబడలేదేమో.

చివరిగా ఒక మాట. వరపడినవాళ్ల గురించి మా నాన్నను ఒకసారి అడిగాను. "కిందికి చూస్తే పద్యం మరిచిపోతాను రా, అందుకే కొండపక్క చూస్తా కాయ విసురుతా" అన్నారు. ఆ కాయ మాష్టారి అక్కగారి మీద పడనిది అందుకేనేమో. విసిరినవాడికి కూడా అది తేలికైన పని కాదని మాత్రం చెప్పగలను.


నీవానది:

చర్చ మర్యాదగా సాగుతోంది కాబట్టి ఇంకొక వైపు నుంచి కూడా రాస్తాను. మాది చిత్తూరుకు దగ్గరలోని ఒక పల్లెలో దళితవాడ. మా ముత్తాతల కాలంలో జర్మనీ నుంచి ఇటు వచ్చిన లూథరన్ మిషనరీల ద్వారా మా కుటుంబంలో సగం మంది క్రైస్తవులయ్యారు, సగం మంది కాలేదు. మా తాత ఆదివారం ఉదయం గుడికి, అంటే చర్చికి, వెళ్లేవాడు. భారతం రోజుల్లో పలక, అంటే డప్పు, కొట్టేవాడు. అర్జునుడు మానెక్కుతున్నంతసేపు పలక ఆగకూడదు. ఎండకు చర్మం వదులైతే తాటాకు మంట వేసి కాచి మళ్లీ కొట్టాలి. ఆ మంట వేడికి తాత ఎడమ చేతి మీది వెంట్రుకలు ఎప్పుడూ మాడిపోయి ఉండేవి.

మాష్టారి ప్రశ్నలో నాకు తోచిన తేడా ఏమిటంటే, ఇవ్వాలా మానాలా అని ఆలోచించుకునే వీలు ఆయనకు ఉంది. మా వాడలో చందా వసూలు చేసేవారు, మా వాళ్ల చేత పలక కొట్టించేవారు, తపసు మానుకు గుంత తవ్వించేవారు. ఉత్సవ విగ్రహం ఊరేగింపు మాత్రం చెరువు కట్ట దాకా వచ్చి అక్కడి నుంచి మళ్లిపోయేది. మేము కట్ట మీద నిలబడి టెంకాయ కొట్టి పళ్లెం అందించేవాళ్లం. నేను ఆ పళ్లెం పట్టుకుని నిలబడినప్పుడు నాకు తొమ్మిదేళ్లు, విగ్రహం కంటే ముందు నాకు పెట్రోమాక్స్ దీపం కనిపించేది, మళ్లిపోయేటప్పుడు దాని వెలుతురు వెనక్కి జరిగి మా కాళ్ల దగ్గర చీకటి పడేది.

చదువుకుని ఉద్యోగాలు వచ్చిన మా వాడ యువకులు పదిహేనేళ్ల కిందట ఒక ఏడాది చందా ఇవ్వమని చెప్పారు. దేవుడి మీద కోపంతో కాదు, ఊరేగింపు వాడలోకి వస్తే ఇస్తామని. పలకలు కూడా ఆ ఏడు మూలన పెట్టారు. పక్క ఊరి నుంచి బ్యాండు మేళాన్ని పిలిపించారు గానీ, ఏ పద్యానికి ఎక్కడ దెబ్బ పడాలో తెలియక వాళ్లు సినిమా పాట వాయిస్తుంటే, మాను మీద ఉన్న అర్జునుడే చేత్తో ఆపమని సైగ చేశాడట. మరుసటి ఏడు ఊరేగింపు వాడలోకి వచ్చింది. మా పెద్దమ్మ, బాప్తిస్మం తీసుకున్న మనిషి, వాకిలి ఊడ్చి ముగ్గు వేసింది. ఇదేమిటని చర్చిలో ఎవరో అడిగితే, "ఇంటికొచ్చేవాళ్లకు ముగ్గెయ్యనా" అన్నది.

ఇప్పుడు నేను దీపాలకని పేరు పెట్టి ఏటా 500 రూపాయలు ఇస్తాను. పూజకు ఇచ్చినట్లు మా పాస్టరు గారికి అనిపించదు, ఇవ్వనట్లు ఊరికి అనిపించదు. ఇది పిరికితనమని మా అబ్బాయి అంటాడు. కావచ్చు. కానీ చందా ఆపితేనే మా మాట విన్నారన్నది కూడా నిజం, కాబట్టి ఎప్పుడూ ఇచ్చేయమని మాష్టారికి చెప్పలేను. ఆపదలచుకుంటే ఏం జరిగితే మళ్లీ ఇస్తారో ముందుగానే ఊరికి చెప్పి ఆపండి. ఊరకే ఆపితే మీరు తిరుపతిలో స్థిరపడి పిసినారి అయ్యారనుకుంటారు, అంతే.


వెదురుకుప్పం కోడలు:

ఇక్కడ రాసినవారందరూ మగవాళ్లని రాతను బట్టి అర్థమవుతోంది, అందుకే రాస్తున్నాను. నేను వరపడ్డాను. ఒకసారి కాదు, రెండుసార్లు. పిల్లలు కలగలేదు. ఇప్పుడు నాకు యాభై ఒకటి, చిత్తూరులో కుట్టు శిక్షణ కేంద్రం నడుపుతున్నాను.

మాష్టారు గారూ, మీ కోపం న్యాయమైనదే. మా ఇంట్లో కూడా మా ఆయనను డాక్టరు దగ్గరికి రమ్మని అడగడానికి ఎవరికీ నోరు రాలేదు, నన్ను మాను దగ్గరికి పంపడానికి మాత్రం అందరికీ వచ్చింది. మొదటిసారి మా అత్తమ్మ పంపితే వెళ్లాను. తడిచీర ఒంటికి అంటుకుని, ఇంతమంది మధ్య ఇలా పడుకోవడమేమిటని సిగ్గుతో చచ్చిపోయాను. నేలకు ముఖం ఆనించి ఉంటే కనిపించేది మట్టి, చీమలు, పక్కనామె గాజుల చెయ్యి. మెట్టు మెట్టుకూ పద్యం దూరమవుతూ పైకి పోయేది. ఆ పక్కనామె ఎవరో నాకు తెలియదు. ఎండ ఎక్కాక, "అక్కా, నీకెన్నేండ్లయింది" అని మెల్లగా అడిగింది. ఏడు అన్నాను. "నాకు పదకొండు" అంది. తర్వాత మేమిద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం, తలలు ఎత్తకుండానే. శ్రీమంతాలకు మమ్మల్ని ఎలా పిలవరో, పిలిచినా గాజులు తొడిగేటప్పుడు ఎలా పక్కకు జరగమంటారో, ఏ చిన్నపిల్లను ఎత్తుకున్నా ఆ తల్లి ముఖం ఎలా మారుతుందో, ఇంట్లో ఎవరితోనూ అనని మాటలు అక్కడ అన్నాం.

పెళ్లిలో, పేరంటంలో, పురుడులో మమ్మల్ని వెనక నిలబెట్టే ఊరు ఆ ఒక్క రోజు మధ్యలో పడుకోబెట్టి చుట్టూ నిలబడుతుంది. అది సరైన పని అని నేను అనడం లేదు. రెండోసారి మాత్రం నన్నెవరూ పంపలేదు. నేనే వెళ్లాను, ఆ పదకొండేళ్లామె వస్తుందేమోనని. రాలేదు. పిల్లలు పుట్టి రాలేదో, విసిగి రాలేదో తెలియదు.

మీరు మీ అక్కగారి చీర కొంగు గురించి, నిమ్మకాయ గురించి, వాళ్ల అత్తగారి మాట గురించి రాశారు. ఆమె ఏమన్నారో రాయలేదు. ఈ ఇరవై ఏళ్లలో మీరు ఆమెను ఎప్పుడైనా అడిగారా? చందా ఇవ్వకపోవడానికి ఆమెనే కారణంగా చూపించబోతున్నారు కాబట్టి, ముందు ఆమెకు ఫోను చేయండి. ఆమె వద్దంటే నేను కూడా వద్దంటాను.


కైలాసకోన:

నాలుగు రోజులు ఏమీ రాయనందుకు క్షమించండి. వెదురుకుప్పం అమ్మగారి మాట చదివిన రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. అడగలేదన్నది నిజం. మర్నాడు ఫోనులో మాట్లాడే విషయం కాదనిపించి, బడి అయ్యాక బస్సెక్కి నగరి వెళ్లాను. అక్క మగ్గాల షెడ్డు పక్క గదిలో కండెలు లెక్కపెడుతోంది. మగ్గాల చప్పుడుకు మొదట నా ప్రశ్న వినబడలేదు, రెండోసారి గట్టిగా అడగవలసి వచ్చింది. అలాంటి ప్రశ్న గట్టిగా అడగడం ఎంత కష్టమో చెప్పలేను.

ఆమె కండెల బుట్ట పక్కన పెట్టి కొంతసేపు నా వైపు చూసింది. "అత్తమ్మ పండమనింది, పండినా. దానికి నాకేం కోపం లేదురా. ఆమె కూడా ఆమె కాలంలో అట్లనే పండి ఉంటుంది. నువ్వు గోడెక్కి చూస్తా ఉంటివి చూడు, దానికి వచ్చింది కోపం. దిగొచ్చి నీళ్లన్నా ఇస్తివా?" అన్నది. చూసినట్లు తెలుసా అన్నాను. ముఖం నేలకు ఆనించక ముందే గోడ మీద నా నీలం చొక్కా కనిపించిందట. ఆ చొక్కా ఆమె పెళ్లికి బావ వాళ్లు పెట్టినది. నాకు గుర్తు లేదు, ఆమెకు గుర్తుంది.

తర్వాత చందా సంగతి చెప్పాను. ఆమె నవ్వి, "నీ మూడువేలకు మాను నిలబడతాదా, పడిపోతాదా" అన్నది. బావ లోపలికి వచ్చి టీ తాగుతూ, తన వైపు నుంచి ఒక మాట అడగమన్నారు. వరపడే ఆడవాళ్ల భర్తలు ఆ రోజు ఎక్కడ ఉండాలో కమిటీ ఎందుకు చెప్పదని. ఆయన అప్పుడు ఊరి బయట టీ కొట్టు దగ్గర కూర్చుని ఉన్నారట. ఇరవై ఏళ్లలో బావ ఆ విషయం ఎత్తడం నేను వినడం అదే మొదలు.

నిన్న ఊరికి వెళ్లి చిన్నాన్న వాళ్లతో మాట్లాడాను. నీవానది గారి సలహా ప్రకారం దేనికి ఇస్తానో, దేనికి ఇవ్వనో ముందే చెప్పాను. 3,000 రూపాయలు మేళం పెద్ద చేతికే నేరుగా, మొదటి రోజునే ఇస్తాను. ఉభయం పెట్టుకోను, నా పేరు మైకులో చదవకూడదు. నాయకుల ఫ్లెక్సీలు కట్టకపోతే వచ్చే ఏడు నుంచి పుస్తకంలో అంకె ఎంత పడితే అంత ఇస్తాను. ఫ్లెక్సీల మాట వినగానే ఇద్దరు లేచి వెళ్లిపోయారు, కాబట్టి అది ఈ ఏడు జరగదు. తపసు నాడు మాను దగ్గర షామియానా, కుండల్లో నీళ్లు, వరపడినవాళ్లు లేచాక మార్చుకోవడానికి బడిలో ఒక గది ఉండాలని అడిగాను. షామియానా వేస్తే అర్జునుడు విసిరే కాయ గుడ్డ మీద పడుతుంది కదా అని చిన్నాన్న అన్నారు. అందులో న్యాయం ఉంది. నీళ్లకు, గదికి ఒప్పుకున్నారు. మా ఊళ్లో ఊరేగింపు దళితవాడలోకి వెళ్తుందా అని కూడా అడిగాను. నేను పుట్టి పెరిగిన ఊరి గురించి నాకే తెలియని సంగతి అది. "కట్ట దాకా పోతుంది" అన్నారు. నీవానది గారూ, దాని గురించి మీతో విడిగా మాట్లాడాలని ఉంది, అభ్యంతరం లేకపోతే సందేశం పంపండి.

మృదంగం గారూ, మీ మేళం ఇప్పటికీ పుత్తూరు వైపు వస్తుందా? తపసు వచ్చే నెల రెండో శుక్రవారం. అక్క తన కూతురిని తీసుకుని వస్తానంటోంది. పద్యాలు పూర్తిగా వినాలట, అప్పుడు చెవిలో మట్టి ఉండి సగమే వినబడ్డాయట. బడి గది తాళం ఆ రోజు నా దగ్గరే ఉంటుంది.